కుండ పక్కన ఫెర్న్

మా పక్కింటి నర్సమ్మ పోయిందని మాఘమాసంలో ఒక శనివారం పొద్దున కోదాడ నుంచి ఫోను వచ్చింది. చేసింది ఆమె చెల్లెలి కొడుకు. "తాతా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. "అట్లనా" అన్నాను. అప్పటిదాకా ఆమె ఫెర్న్ మొక్క ఆకులు తుడుస్తున్నాను. తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

నేను త్రిపురారం దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ని. వరి పండించాను. ఇంటిది పోయాక పొలం తమ్ముడికి అప్పగించి, మిర్యాలగూడలో ఒక రైసుమిల్లుకు వాచ్‌మన్‌గా వచ్చాను. మిల్లు వెనక నాదొక గది, పక్క పోర్షన్ ఆమెది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. నన్ను అన్నయ్యగారూ అనేది, నేను నర్సమ్మా అనేవాణ్ని. పేరు అడగడానికి నాకు ఆరేళ్లలో ధైర్యం చాల్లేదు.

ఆ మొక్కను సూర్యాపేటలో రోడ్డు పక్క నర్సరీలో కొన్నదట. ఎప్పుడూ తేమగా ఉండే అడవుల జాతి అని చెప్పేది. మా వీధిలో మిల్లు బాయిలర్ల బూడిద పడని చోటు లేదు. ఆరేసిన పంచె మీదా పడుతుంది, అన్నం పళ్లెంలోనూ పడుతుంది. ఆమె రోజూ ఒక్కో ఆకునూ పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచేది. చలికాలం రాగానే మొక్కను లోపలికి తెచ్చి, ఎండ నేరుగా తగలని మూలలో, మంచినీళ్ల కుండ పక్కన పెట్టేది. మట్టిలో వేలు పెట్టి చూశాకే చలి విరిగిన నీళ్లు పోసేది. "రోగికైనా మొక్కకైనా అడిగి ఇవ్వాలండీ నీళ్లు" అనేది.

మొదటి ఏడాది ఆమె చుట్టాలింట్లో పెళ్లికని ఊరెళ్తూ మొక్కను నాకు అప్పగించింది. ఆకు తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు చుక్కలు, వరసగా. వరి రైతు కంటికి ఆకు మీద మచ్చ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. తమ్ముడి దగ్గర మిగిలిన పొలం మందు తెచ్చి, చెంబులో కలిపి చల్లాను. రెండు రోజుల్లో సగం ఆకులు మాడిపోయాయి.

"ఏం కొట్టారు?" అంది వస్తూనే.

"మందు. తెగులుండె గద."

"తెగులు కాదండీ, దాని విత్తనాలవి. నిండు చూలాలికి విషం పెట్టారు కదండీ!"

నేల మీద కూర్చుని మిగిలిన ఆకులన్నీ కడిగింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు టీ గ్లాసు పట్టుకొచ్చి, "మా దవాఖానకీ మీలాంటోళ్లు వచ్చేవారు. పుట్టుమచ్చకి సూదెయ్యమనేవారు" అంది. నవ్వాను. ఇంటిది పోయాక నేను నవ్వడం అదే మొదలు.

అప్పటినుంచి పొద్దున్నే "ఎట్లుంది నర్సమ్మా?" అని అడిగేవాణ్ని. "ఉందండీ" అనేది. చాలా రోజులు మా మాటలు అంతే. నాకు అవే చాలా ఎక్కువ.

మొన్న కార్తీకంలో ఆమెకు కాళ్లు వాచి ఆయాసం పట్టింది. చెల్లెలి ఇంటికని కోదాడ బయల్దేరింది. ఆటో ఎక్కుతూ, "శివరాత్రికి చలి శివశివా అని పోతుంది. అప్పటికి నేనొచ్చేస్తాను. అందాకా దాన్ని బతికించండి చాలు" అని తాళంచెవి ఇచ్చింది.

ఆమె లేని ఇంట్లోకి ఒక్కణ్నే పోవడానికి మొగమాటపడి, మొక్కను నా గదిలోకి తెచ్చుకుని, పైరుకు ఎండే బలం కదా అని కిటికీలో ఎండకు పెట్టాను. పుష్యమాసానికి కొసలు ఎండి, ఆకులు రాలసాగాయి. ఆదివారం ఆదివారం ఆమె ఫోను చేసేది.

"ఎలా ఉందండీ?"

"మంచిగనే ఉన్నది" అని అబద్ధమాడాను.

"కుండ నిండుగా ఉందా?"

"గీ చలికి కుండ నీళ్లు ఎవరు తాగుతరమ్మా? గొంతు పడతది."

ఆమె దగ్గుతూ నవ్వింది. "మీకు కాదండీ, దానికి. కుండ చెమరిస్తేనే దానికి ఊపిరి. ఎండిపోయిందా?"

"జర ఎండింది."

"వేరు బతికుందేమో చూసి చెప్పండి."

చల్లనీళ్లంటే ఇష్టమై ఆమె చలికాలంలోనూ కుండ నింపుతుందనుకున్నాను అన్నేళ్లూ. ఆ సాయంత్రమే ఆమె తలుపు తీసి, మొక్కను పాత మూలలో పెట్టి, కుండ నింపాను. చనిపోయిన ఆకులు కత్తిరించాను. రోజూ పోయి మట్టి చూసేవాణ్ని. తర్వాతి ఆదివారం "సూస్తున్న" అన్నాను. "చూడండి" అంది. శుక్రవారం నాడు మొక్క మొదలు దగ్గర నత్తలా ముడుచుకున్న పచ్చటి చిగురు కనపడింది.

వెంటనే ఫోను చేయవచ్చు. నాకు సిగ్గు. ఎవరో ఎత్తుతారు, ఏం చెప్పాలి? ఎట్లాగూ ఎల్లుండి ఆమే చేస్తుంది కదా అనుకున్నాను. శనివారమే కబురు వచ్చింది.

కోదాడ పోయి దూరంగా నిలబడి వచ్చాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను: చిగురేసింది.

పెద్దకర్మ అయ్యాక ఆమె చెల్లెలి కొడుకు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చాడు. "మొక్క మీరే ఉంచుకోండి తాతా" అన్నాడు.

"కుండ గూడ ఉంచు బిడ్డా."

"పాతది కదా, కొత్తది కొనిస్తాను."

"వద్దు. దానికి గీ కుండే అలవాటు."

శివరాత్రి వెళ్లింది, చలీ పోయింది. కుండా మొక్కా ఇప్పుడు నా గదిలో, ఎండ తగలని మూలలో ఉన్నాయి. పొద్దున్నే కుండ నింపి, మట్టిలో వేలు పెట్టి చూస్తున్నాను. కుండ మూత మీద ఆమె స్టీలు గ్లాసు బోర్లించే ఉంది. కొత్త ఆకు విచ్చుకుని దాని దాకా వచ్చింది. నేను తలుపు తీసినప్పుడల్లా గాలికి కదిలి, ఆకు కొస గ్లాసును తాకుతుంది.