మా బావ మూయనివ్వని ల్యాప్‌టాప్

మా బావ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. మిషను మీద అంచులు సరిచేసి, ఫ్రేములో బిగించి, లైటుకు ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తాడు. పనిలో వంక పెట్టలేం. మాటల్లో మాత్రం మహా పిసినారి.

అలాంటి మనిషి యాభై దాటాక వీడియోలు చూసి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని సొంతంగా ఒక వికీ పెట్టాడు. అంటే ఒకదాన్నుంచి ఒకదానికి దారులున్న పేజీలు. కుళాయి వాషర్ మార్చడం ఒక పేజీ, అక్క మోకాలి నొప్పి ఇంకో పేజీ. అందులో ఒక మాట నొక్కితే మెట్ల కింద పిల్లి పేజీలో తేలతాం, అక్క జారిపడింది దాన్ని తప్పించబోయే కాబట్టి. ఆ పేజీలు అందించే సర్వరు కూడా ఆయన చేతిపనే. వంటింటి పక్క బల్ల మీద పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మూత వేస్తే ఆగిపోతుందని ఎవర్నీ వెయ్యనివ్వడు.

"దాని రొదకి నా చెవులు చిల్లులు పడుతున్నాయిరా తమ్ముడూ. ఇంతా చేసి దాన్ని చదివేదెవరు?" అనేది అక్క.

చదివేది ఒక్కరే. వాళ్ళమ్మాయి. ఇంజనీరింగ్ మధ్యలో మానేసి జంతువుల ఆసుపత్రిలో కుక్కలకు కట్లు కట్టే పనిలో చేరింది. ఆ రోజు బావ ఏడాదికి సరిపడా మాటలు ఒక్క పూటలో ఖర్చుపెట్టేశాడు. "ఇక నాతో మాట్లాడకు" అన్నది ఆఖరి మాట. మొండితనంలో తండ్రికేం తీసిపోదు, మాట్లాడలేదు. ఊరి ఆ చివర గది తీసుకుంది. అక్కతో ఫోన్లో మాట్లాడేది గాని, నాన్న ఊసెత్తేది కాదు.

కానీ వికీ చిరునామా ఆ పిల్లకు ముందే తెలుసు. బయటివాళ్ళెవరైనా పేజీ తెరిస్తే ల్యాప్‌టాప్ తెర మీద సర్వరు నడిచే నల్ల కిటికీలో ఒక అక్షరాల వరస పడుతుంది. ఒకసారి బావ నన్ను పిలిచి దాన్ని వేలితో చూపించాడు. "అదే" అన్నాడు.

ఒక వారం వరసలు పడలేదు. అమ్మాయికి పని ఎక్కువైందని అక్క చెప్పినా ఆయన మనసు ఊరుకోలేదు. సర్వరు పాడైందేమోనని అదే ల్యాప్‌టాప్‌లో పేజీ తెరిచి చూశాడు. శుభ్రంగా వచ్చింది. ఇక దాన్ని తెరిచే ఉంచి, షాపు నుంచి రాగానే దాని ముందు కూర్చునేవాడు. పేజీ ఆయనకు ప్రతిసారీ వచ్చేది. వరస మాత్రం రాలేదు. "మానేసిందిరా" అన్నాడు నాతో. అన్నం సరిగా తినడం లేదని అక్క గొడవ.

ఆదివారం నేను అక్కడే ఉన్నాను. బావ ఫోను మోగింది. చూసి, స్పీకరు నొక్కాడు.

"నాన్నా, నీ పేజీలు నేను చదువుకోవడం కూడా నీకు ఇష్టం లేదా? చెప్పెయ్యొచ్చుగా. అలా మూసెయ్యడం ఎందుకు?"

"మూయలేదే! నాకు బాగానే వస్తోంది. నీకేం కనిపిస్తోంది?"

"ఏమీ లేదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది."

బావ కాసేపు ఆలోచించాడు. తను తెరిచి ఉంచిన పేజీ మూసేశాడు. మరుక్షణం నల్ల కిటికీలో వరసలు జలజలా రాలాయి. అన్నీ ఆ పిల్లవే. ఆయన రాసుకున్న సర్వరు ఒకసారికి ఒక్కరినే పట్టించుకుంటుంది. ఒకరు పట్టుకుని వదలకపోతే రెండోవాళ్ళు బయట నిలబడాల్సిందే. పేజీ తెరిచి ఉంచడమంటే పట్టుకుని ఉండటమేనని ఆయనకు అప్పటిదాకా తట్టలేదు.

"మూయలేదమ్మా" అన్నాడు బావ. "నువ్వొస్తావేమోనని చూస్తూ నేనే అడ్డంగా కూర్చున్నాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అయితే లే నాన్నా. లేచి వెళ్ళి ముందు అన్నం తిను."