ఎయిర్ గన్నుకి తలంటు

కోరుకొండ దగ్గర కొబ్బరితోట చేసుకునే అప్పాజీకి పెళ్ళాం తలుపులమ్మంటే ఇష్టమే. ఎయిర్ గన్ మీద ఉన్నది మాత్రం పిచ్చి. పెళ్ళికాక ముందు కోరుకొండ తీర్థంలో బుడగలు కాల్పించే ముసలాయన దగ్గర కొన్న పాత స్ప్రింగు గన్ అది. గొట్టాన్ని మడత దగ్గర కిందికి విరిచి, సీసపు గుండు పెట్టి, దొడ్డిగోడ మీది కొబ్బరిచిప్పని టప్పున కొట్టందే ఆయనకి కాఫీ దిగదు. పిట్టల జోలికి మాత్రం పోడు. ఇంత శ్రద్ధగా చిప్పల్ని చంపే మగాణ్ణి ఈ చుట్టుపక్కల ఎక్కడా చూడలేదని తలుపులమ్మ చుట్టాలందరికీ చెబుతుంది.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులున్న మోతుబరులు వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఎయిర్ గన్నుకి ఆ గొడవ లేదు. అయినా అప్పాజీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గన్నుని తలుపులమ్మ పాతచీరలో చుట్టి, స్కూటర్ మీద వెళ్ళి అప్పగించి వచ్చేవాడు. హెడ్ కానిస్టేబుల్ చంద్రరావు మంచివాడు. నవ్వకుండా తీసుకుని మోతుబరుల డబుల్ బ్యారెళ్ళ పక్కన నిలబెట్టేవాడు. ఎలక్షన్లయ్యాక దాన్ని ఇంటికి తెచ్చుకునేటప్పుడు అప్పాజీ ముఖంలో ఉండే సంబరం, తనని కాపురానికి తెచ్చుకున్నప్పుడు కూడా లేదంటుంది తలుపులమ్మ.

మొన్న ఎలక్షన్ల నాటికి చంద్రరావు రిటైరయ్యాడు. అప్పాజీ వాళ్ళ పక్కవీధిలోనే అద్దెకుంటున్న కొత్త కానిస్టేబుల్, గన్నుకి చుట్టిన చీర విప్పి చూశాడు.

"ఇది బుడగలు కొట్టేదండి బాబాయ్‌గారూ. ఇంటికి పట్టుకెళ్ళి పిల్లలకివ్వండి."

అక్కడున్న మోతుబరులు నవ్వారు. కుర్రాడు చెప్పింది తప్పేం కాదు, కాపురానికి వచ్చిన నాటి నుంచీ తలుపులమ్మ అంటున్న మాటే. ఆవిడ అంటే అప్పాజీ కూడా నవ్వేవాడు. నలుగురిలో అనేసరికి ముఖం మాడిపోయింది. గన్ను తెచ్చి అటక మీద పడేశాడు. పొద్దున్నే కాఫీ తాగడం, గోడకేసి చూడడం, లేచిపోవడం. తలుపులమ్మ తిడితే తిరిగి తిట్టడం కూడా మానేశాడు. ఆవిడకి భయం వేసింది అందుకే.

ఆయన తోటకి వెళ్ళిన ఓ పూట ఆవిడ గన్ను కిందికి దించింది. దాని లోపల తోలు వాషరు ఉంటుందనీ, అది ఎండిపోతే గన్ పని అయిపోయినట్టేననీ మొగుడు చెప్పగా చెప్పగా విని ఉంది. బోరింగు పంపులో తోలు ఎండితే చెంబెడు నీళ్ళు పోస్తాం కదా, ఇదీ అంతే అనుకుంది. తలకి రాసుకునే కొబ్బరినూనె తెచ్చి, గొట్టం విరిచిన చోట కనబడ్డ బొక్కలో ధారగా పోసింది.

మర్నాడు పొద్దున్న మొగుడికి కాఫీతో పాటు గన్ను కూడా అందించింది.

"ఆ చిప్ప నన్ను చూసి నవ్వుతోందండీ. ఒక్కటి కొట్టండి."

కాదనలేక కొట్టాడు. టప్పుమనలేదు, ఢామ్మంది. గొట్టంలోంచి పొగ, మాడిన కొబ్బరినూనె వాసన. తోటలో కాకులన్నీ ఒక్కసారి లేచాయి. పక్కవీధి కానిస్టేబుల్ నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్‌గారూ, ఏంటండీ ఆ సౌండు? లైసెన్సుందా మీకు?"

"బుడగలు కొట్టేదానికి లైసెన్సేంటి నాయనా," అంది తలుపులమ్మ. "నోరు కడుక్కుని రా, కాఫీ తాగుదువుగాని."

అప్పాజీకి నవ్వాగలేదు. ఆ వెంటనే గొట్టం వాసన చూసి ఉలిక్కిపడ్డాడు.

"తలంటు పోశావేంటే దీనికి?"

నూనె ఎక్కువైతే లోపల మండుతుందనీ, ఇలా నాలుగుసార్లు పేలితే స్ప్రింగు విరిగిపోతుందనీ తిట్టుకుంటూ అరుగు మీద కూర్చుని గన్నంతా విప్పాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. ఒక్కో ముక్కా తుడుస్తూ, తుడిచినప్పుడల్లా పెళ్ళాన్ని ఒక తిట్టు తిడుతూనే ఉన్నాడు. తలుపులమ్మ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని, వంకాయలు తరుగుతూ, ఒక్క తిట్టు కూడా పోనివ్వకుండా వింది.