నా నడుము ఎరిగిన చేతులు

ఆఫీసు మీటింగ్‌లో ఉండగా ఆవిడ కూతురు మెసేజ్ పెట్టింది, అమ్మ నిద్రలోనే పోయిందని. చదివి ఫోన్ బోర్లించాను. మీటింగ్ సాగుతూనే ఉంది. ఏడవడానికి కూడా ఓపిక లేని రోజది.

ఆవిడ చైనా నుంచి వచ్చినావిడ. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక కిరాణా కొట్టు పక్క ఇరుకు గదిలో, వాళ్ల పద్ధతిలో నడుము నొప్పులకు మర్దనా చేసేవారు. నేను ఆంటీ అనేదాన్ని. రోజంతా కుర్చీలో, రాకపోకల్లో కారులో కూర్చుని కూర్చుని నా నడుము కొయ్యబారిపోయి, డిస్క్ జారిందని తేలిన రోజుల్లో ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"జారిన డిస్క్ పిసికితే సర్దుకుంటుందా? ఎవరు చెప్పారు నీకు?" అన్నారు మావారు. నాకూ అదే అనుమానం. అనుమానపడుతూనే వెళ్లేదాన్ని.

ఆవిడ నేరుగా నడుము ముట్టుకునేవారు కాదు. ముందు మోకాళ్ల వెనక గుంటల్లో బొటనవేళ్లు ఆనించి అలాగే ఉంచేవారు. తర్వాత పిక్కలు, తుంటి. నడుము ఆఖర్నే.

"నొప్పి పైన కదా ఆంటీ" అంటే, తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో, "అరుస్తున్నవాడి దగ్గరికి ముందే పోకూడదు. పక్కింటివాళ్లని అడగాలి" అని నవ్వేవారు. నా చేతిలో ఐస్ నీళ్లు కనిపిస్తే మాత్రం నవ్వు పోయేది. సీసా లాక్కుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి ఇచ్చేవారు.

ఒక శనివారం మాటల్లో, ఎడమ కాలు తిమ్మిరెక్కుతోందని, చెప్పు జారిపోయినా తెలియలేదని అన్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి. లేచి మడమల మీద నడవమన్నారు. ఎడమ పాదం పైకి లేవలేదు.

"ఇవాళ చెయ్యను. హాస్పిటల్‌కి వెళ్లు. ఇప్పుడే."

"వాళ్లు సర్జరీ అంటారు ఆంటీ. అది తప్పించుకుందామనే కదా మీ దగ్గరికి వస్తున్నా! కాస్త నొక్కండి, చాలు."

"కాలే పడిపోతే ఇంక నొక్కేదేముంది?" అంటూ నా కోటు తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

సర్జరీ అయింది. కాలు నిలిచింది. డాక్టర్ సరేనన్నాక మళ్లీ ఆవిడ బల్ల మీదే పడుకున్నాను. నన్ను బాగుచేసింది కత్తా, ఆ చేతులా, లేక గడిచిన కాలమా, ఇప్పటికీ తేల్చుకోలేను. తన చేతులు పనికిరాని చోటేదో చెప్పిన మనిషి మీద మాత్రం నాకు అనుమానం కలగలేదు.

చివరి చూపుకి వెళ్లాను. ఫొటో ముందు నడుము వంచి మూడుసార్లు నమస్కరించడం వాళ్ల ఆచారం. "నువ్వు వంగకు అక్కా, అమ్మ తిడుతుంది" అంది కూతురు మెల్లగా, ఇంగ్లీషులోనే, 'సిస్టర్' అని పిలుస్తూ. వచ్చినంత వంగాను.

లైనులో ఉన్నవాళ్లు చాలామంది ఆవిడ బల్ల మీద పడుకుని లేచినవాళ్లే. ఒకాయన కుర్చీ పట్టుకుని వంగాడు. ఒకావిడ వెనక్కి చెయ్యి పెట్టి, తన నడుము తనే పట్టుకుని వంగింది. తర్వాత ఒక పెద్దాయన వంగి, లేవలేక అలాగే ఉండిపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన నింపాదిగా, ఒక్కొక్క ఎముకనీ బతిమాలుకుంటున్నట్టు లేచి నిలబడేదాకా లైనంతా కదలకుండా ఉంది.