మొక్కు కొవ్వొత్తిని కరిగించిన రోజు

మైనం లాంతరు చేయడం పెద్ద విద్యేమీ కాదు. రబ్బరు బుడగలో గోరువెచ్చని నీళ్ళు నింపి మూతి ముడివేసి, కరిగిన మైనంలో ముంచి తీయాలి. కాస్త ఆరనిచ్చి మళ్ళీ ముంచాలి. పన్నెండు, పద్నాలుగు సార్లు ముంచితే దోసె మందాన పెంకు కడుతుంది. ముంచినప్పుడల్లా పళ్ళెం మీద ఒక్క క్షణం కూర్చోబెడితే అడుగు చదునవుతుంది. చివర్లో బుడగను సూదితో పొడిచి నీళ్ళు వంపేస్తే బోలు కుండలాంటిది మిగులుతుంది. పుస్తకంలో నొక్కి ఎండబెట్టిన బంతి రేకులనో, వేపాకులనో దాని ఒంటికి అతికించి ఇంకొక్కసారి ముంచి, లోపల చిన్న దీపం పెడితే సరి. ఓపిక ఒక్కటుంటే చాలు. నాకు లేనిదల్లా అదే.

నేను కాటన్‌పేటలో పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక యలహంక వచ్చినదాన్ని. లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో మాది మూడో అంతస్తు. మా ఎదురు తలుపు అక్కది. సొంత అక్క కాదు. కోలారు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు, క్రైస్తవులు. అక్క నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కొత్తిమీర మొదలుకొని తలనొప్పి మాత్ర దాకా ఏది కావాలన్నా ఆ తలుపే తట్టేదాన్ని. వాళ్ళింట్లో తిన్న భోజనాలకు లెక్కలేదు. నా నోరు మంచిది కాదని మా చుట్టాలందరికీ తెలుసు. ఆ నోటిని నవ్వుతూ భరించింది అక్క ఒక్కతే.

ఆ ఏడు అక్క కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగకూడదన్నారు డాక్టరు. సెప్టెంబరులో మాత పండుగకు అక్క ఏటా శివాజీనగర్ చర్చికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వస్తుంది. ఆ ఏడు కూతుర్ని వదిలి కదలలేకపోయింది. పైగా మోకాళ్ళ నొప్పులు. ఒక పొద్దున న్యూస్‌పేపర్లో చుట్టిన కొవ్వొత్తి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నా చేయంత పొడుగుంది.

"మా పాప కడుపుకి తాకిచ్చి తెచ్చినా. మాత ముందర వెలిగిచ్చి వస్తావామ్మా? ఇంకెవుర్నీ అడిగేకి మనసు రాలేదు" అంది.

"అయ్యో, దానికేమక్కా! రేపే పోయొస్తా" అన్నాను.

ఆ రేపు రాలేదు. ఒకరోజు ట్రాఫిక్, ఒకరోజు చుట్టాలు, ఒకరోజు ఏమీ లేదు, ఊరికే బద్ధకం. పండుగ కూడా అయిపోయింది. ఒక సాయంత్రం మెట్ల దగ్గర అక్క ఎదురుపడి "వెలిగిచ్చినావా?" అని అడిగింది. ఆ ముఖం చూసి లేదనలేకపోయాను.

"ఆఁ, వెలిగిచ్చినానక్కా. ఏం జనం, ఏం జనం! కాలు పెట్టేకి చోటు లేదు" అన్నాను. జనం సంగతి ఎవరడిగారు నన్ను? అబద్ధం చాలదని దానికి అలంకారం కూడా చేశాను. అక్క నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

మర్నాడైనా వెళ్ళి వెలిగించి రావచ్చు. కానీ వెలిగించానని చెప్పిన కొవ్వొత్తిని చేత్తో పట్టుకుని ఆమె గుమ్మం ముందు నుంచి ఎలా దిగేది? అది బీరువాలో చీరల వెనక ఉండిపోయింది. చీర తీసినప్పుడల్లా కనిపించేది. ఎవరో తిట్టినట్టు తలుపు ధడాల్న మూసేదాన్ని.

అంతలో దీపావళి వచ్చింది. "మెట్లకి ఆ బజారు లైట్లెందుకు, పన్నెండు లాంతర్లు నేను చేసిస్తా" అని అపార్ట్‌మెంటు మీటింగులో గొప్పలు పోయాను. బళేపేట బజారు నుంచి మైనం పలకలు తెచ్చాను. మొదటి విడతలో మైనం మరీ కాగిపోయి బుడగలు పగిలాయి, స్టవ్వంతా మైనమే. తిట్టుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ పండుగ ముందురోజుకి పది పూర్తి చేశాను. మైనం అయిపోయింది. బయట వాన. ఆ రద్దీలో బళేపేటకి పోయి రావడం నా వల్ల కాదు.

"పది చాల్లేవే, ఎవరు లెక్కపెడతారు?" అన్నారు మా ఆయన.

"మీరు ఊరుకోండి" అని బీరువా తెరిచాను.

ఇక్కడ నిజం చెప్పాలి. మైనం తక్కువపడిందన్నది సగమే కారణం. అది బీరువాలో ఉన్నంతకాలం నేను దొంగని. కరిగిపోతే సాక్ష్యం ఉండదు. లాంతర్లూ పూర్తవుతాయి, పీడా విరగడవుతుంది. కొవ్వొత్తిని నాలుగు ముక్కలుగా విరిచాను. లోపల వత్తి తెగలేదు. గట్టిగా లాగి చెత్తబుట్టలో వేశాను. మిగిలింది గిన్నెలో వేస్తే ఐదు నిమిషాల్లో కరిగిపోయింది. వేపాకులు అతికించిన రెండు లాంతర్లు వచ్చాయి. అన్నిట్లోకీ అవే బాగా కుదిరాయి. పండుగ అయ్యాక వాటిలో ఒకటి తీసుకెళ్ళి అక్కకే ఇచ్చాను. ఆమె మైనం ఆమె ఇంటికే చేరిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేనిదాన్ని. మంచం మీద నుంచే కూతురు దాన్ని చూసి "ఎంత చెన్నాగా ఉండాదో!" అంది.

ఆ తర్వాత మూడు నెలలు నా ప్రాణం ప్రాణంలో లేదు. ఎదురు తలుపు వేళకానివేళ చప్పుడైతే లేచి వెళ్ళి మా తలుపుకి చెవి ఆనించేదాన్ని. దేవుడు శిక్షిస్తాడని కాదు. ఆ పిల్లకి ఏమైనా అయితే అక్క తన మొక్కులోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతుంది. పక్కన కూర్చుని నేను ఓదార్చాలి.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇంటికి తెచ్చిన రోజు చుట్టాలందరి మధ్య అక్క పిల్లను ముందుగా నా ఒళ్ళో పెట్టింది.

"ఈయమ్మ చేతి చలవప్పా ఇది. నేను కాలు కదపలేకుంటే, మా కోసరం ఆ జనంలో నిల్చుకోని వెలిగిచ్చి వచ్చింది" అని అందరికీ చెప్పింది. నేను తల దించుకున్నాను. అణకువ అనుకున్నారు వాళ్ళు. పిల్ల నా పట్టుచీర తడిపింది. తగిన శాస్తే అనుకున్నాను.

పది రోజులకు అక్క మళ్ళీ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో ఇంకో కొవ్వొత్తి.

"మొక్కు తీర్చల్ల కదా. నీ చెయ్యి మంచిదమ్మా, ఇది కూడా నువ్వే వెలిగిచ్చి రా" అంటూ చేతిలో పెట్టింది.

తీసుకున్నాను. ఈసారి నిజంగా వెళ్ళి వెలిగించి వస్తే కథ అక్కడితో ముగిసేది, ఎవరికీ తెలిసేది కాదు. 'సరేనక్కా' అన్న మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ నవ్వు ముఖం ముందు ఇంకొక్క అబద్ధం మోయడం నా వల్ల కాలేదు.

"అక్కా, ముందుది నేను వెలిగించలేదు. కరిగించి లాంతరు చేసినా."

"కరిగిచ్చేది ఏందమ్మా?" అంది, అర్థంకాక.

అంతా చెప్పాను. పోకపోవడం, అబద్ధమాడటం, బీరువా, వాన, తనకిచ్చిన లాంతరు. చెబుతూ ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. ఆమె స్థానంలో నేనైతే అపార్ట్‌మెంటు అదిరిపోయేలా అరిచేదాన్ని.

"మీ గుళ్ళో దీపానికి పొయ్యమని నేను నీ చేతికి నూనె ఇచ్చింటే, దాంతో వడలు కాల్చుకునుంటివా?" అంది అక్క మెల్లగా.

కాల్చుకునేదాన్ని కాదు. ఇంటినిండా చుట్టాలున్నా, ఇంట్లో చుక్క నూనె లేకపోయినా, మా అమ్మ పక్కింటికి అప్పుకు వెళ్ళేది కానీ దీపానికి తెచ్చిన సీసా జోలికి పోయేది కాదు. నేనూ అంతే. ఆ నూనె ముట్టుకోవాలన్న ఆలోచనే రాదు మాకు. ఆమె కొవ్వొత్తి విరిచేటప్పుడు మాత్రం నా చేయి ఒక్క క్షణం కూడా ఆగలేదు. బద్ధకమని, భయమని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ అక్కడే రాలిపోయాయి. ఆమె దేవుడి వస్తువు నాకు ఒట్టి మైనం.

"లేదక్కా" అన్నాను.

"మరి?" అంది.

అక్క చేయి చాచింది. నా చేయి పట్టుకుంటుందనుకున్నాను. కొవ్వొత్తి తీసుకుంది. తన తలుపు దగ్గర చెప్పులు వేసుకుని, "పాపా, గడియ పెట్టుకో, వస్తా" అని లోపలున్న కూతురికి కేకేసి మెట్ల వైపు నడిచింది.

"అక్కా, ఆటో పిలుస్తా, నేనూ వస్తా" అని వెంటపడ్డాను.

"నువ్వుండమ్మా. నేనే పోతా" అంది, వెనక్కి తిరగకుండానే.

ఒక చేత్తో కొవ్వొత్తి, ఒక చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించుకుంటూ మూడంతస్తులూ దిగింది. నేను పైన నిలబడి చూస్తూ ఉన్నాను. ఆమె వద్దన్నాక కిందికి దిగే ధైర్యం నాకు లేకపోయింది.