పొడిలో మిగిలిన పులుపు

మా ల్యాబులో ఒక సీనియర్ ఉండేవాడు. పదో తరగతి దాకా నేను బడి మొహం చూడలేదనీ, గజపతినగరంలో ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్నాననీ తెలిసిన రోజు నుంచి నేనన్నా, నా శుక్రవారం పూజలన్నా ఆయనకు గిట్టేది కాదు. నాకూ ఆయన గిట్టేవాడు కాదు.

రెండేళ్లు తిప్పలు పడి, గంధకం, నైట్రోజన్ కూర్చిన వలయాకారపు అణువు ఒకటి తయారుచేశాను. ఎసిటిక్ ఆసిడ్‌లో, అంటే వెనిగర్‌లో ఉండే ఆసిడ్‌లో, మరిగించి తీసిన పసుపుపచ్చని పొడి. బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో దాన్ని వేసిన గుంట చుట్టూ తెల్లారేసరికి రూపాయి బిళ్లంత మేర తేటపడింది. అక్కడ బ్యాక్టీరియా చచ్చిపోయిందన్నమాట. రామతీర్థం రాముడికి మనసులోనే దండం పెట్టుకున్నాను. నేను చేసిన మిగతా పొడులేవీ పనిచెయ్యలేదు. థీసిస్ నిలబడితే దీనిమీదే నిలబడాలి.

మా గైడు మేడం పళ్లేన్ని వెలుగులో పెట్టి చూస్తుంటే, ఆయన వచ్చి పొడి సీసా మూత తీసి వాసన చూశాడు.

"ఏటమ్మా, ఇది మందా, సింతపండు పులుసా? ఎసిటిక్ ఆసిడ్ కంపు కొడతన్నాది. బేక్టీరియాని సంపింది నీ పొడి కాదు, ఆ పులుపు."

"నీళ్లతో కడిగానండీ."

"కడిగితే కంపెందుకొస్తాది? పూజలకి ఉన్నాది ఓపిక, కడగడానికి లేదేటి?"

మేడం నావైపు చూడలేదు. "మళ్లీ కడిగి చెయ్యి. అంతవరకు ఏమీ రాయకు," అంది.

మర్నాడు శుక్రవారం. ఇంటికెళ్లి, ఆయన మీది కోపమంతా పూజసామాన్ల మీద చూపిస్తూ చింతపండు వేసి తోమాను. ఇత్తడి కుందె మడతలో చింతపండు పులుపు మిగిలితే తెల్లారేసరికి మచ్చ కడుతుంది. అందుకే అమ్మ వేలు పెట్టి మరీ కడిగిస్తుంది. అప్పుడు తట్టింది. వడపోత కాగితం మీద నా పొడి గడ్డకట్టేది. పోసిన నీళ్లు పగుళ్లలోంచి జారిపోయేవి. గడ్డ లోపల తడిసేదే కాదు.

గడ్డల్ని నూరి, నీళ్లలో కలిపి, లిట్మస్ కాగితం రంగు మారడం మానేదాకా కడిగాను. ఈసారి తేటపడిన మేర సగానికి తగ్గింది. కానీ ఉంది.

"సగం అబద్దం పోనాది," అన్నాడాయన. "మిగిలినదేటో మళ్లీ సేసి సూడు."

మళ్లీ చేశాను. అంతే మేర వచ్చింది. మేడంకి చూపించాను, ఆయనకు చూపించలేదు.

ఆయనతో నాకు ఇవాళ్టికీ మాటల్లేవు. దీపం పెట్టాక మేలు చేసినవాళ్లను తలుచుకోవడం అమ్మ నేర్పిన అలవాటు. ఆయన వంతూ వస్తుంది. పళ్లు బిగబట్టుకునే తలుచుకుంటాను.