కుర్చీ కాళ్ళ లీదియా

డెలానీపూర్ లీదియా అబర్డీన్ బజారు గంటస్తంభాన్ని రంపంతో కోసి రెండంగుళాలు పొట్టి చేసింది. చేసిందంటే, మరీ చెయ్యలేదనుకోండి. మెడ నొప్పి ఉన్నవాళ్ళు టైము చూసుకోవడానికి ఆ గడియారం ఎత్తెక్కువైందని, స్తంభం చుట్టూ తిరిగి, ఎక్కడ కొయ్యాలో సుద్దముక్కతో గీత గీసి వచ్చింది. గీత వానకి చెరిగిపోయింది, స్తంభం బతికిపోయింది.

కుర్చీలు అంత అదృష్టం చేసుకోలేదు. మనిషి కుర్చీకి సర్దుకోకూడదు, కుర్చీయే మనిషికి సర్దుకోవాలన్నది లీదియాకి చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. ఎవరింటికి వెళ్ళినా మొహాలు చూడదు, పాదాలు చూస్తుంది. అవి నేలకి ఆనకుండా వేలాడుతున్నాయా, సంచిలోంచి రంపం తీసి కుర్చీ కాళ్ళు కోసేస్తుంది. మోకాళ్ళు పట్టుకుని "అమ్మా" అంటూ లేచేవాళ్ళు కనిపిస్తే, ఇంకొకరి కుర్చీలో కోసిన ముక్కలు తెచ్చి వీళ్ళ కుర్చీ కింద బిగిస్తుంది. సముద్రం మధ్య మా దీవుల్లో ఇంటి సామానంతా పడాక్ చెక్కే. ఇనుముకి మేనత్త కొడుకు ఆ చెక్క. వడ్రంగులే దాన్ని కొయ్యాలంటే ముందు టీ తాగుతారు. లీదియా మాత్రం పనసతొనలు ఒలిచినట్టు ఒలిచేసేది.

తెలుగు చర్చి పాస్టరుగారు పొట్టివారు. కుర్చీలో కూర్చుంటే ఆయన పాదాలు గాలిలో ఊగేవి. లీదియా కుర్చీ కోసింది. ఇప్పుడు కూర్చుంటే ఆయన ప్రసంగవేదిక వెనక కనిపించడం మానేశారు. లీదియా వేదిక కూడా కోసింది. ఇంత పొట్టి వేదిక మీదికి ఎక్కువసేపు వంగి నిలబడితే నడుం నొప్పని ఆయన ప్రసంగం కూడా పొట్టి చేశారు. ఆ ఆదివారం సంఘమంతా దేవుణ్ణి మనస్ఫూర్తిగా స్తుతించింది.

ఇలాంటి పిల్లకి తగిన చదువు లోకంలో ఉంటుందని ఎవరనుకుంటారు? ఉంది. కెనడాలో. దెబ్బ తగిలినవాళ్ళని, జబ్బు పడ్డవాళ్ళని మళ్ళీ పనిలోకి ఎలా తేవాలో, పనినే మనిషికి తగ్గట్టు ఎలా మార్చాలో నేర్పుతారు. పేరు డిసెబిలిటీ మేనేజ్‌మెంట్, ఎమ్మేతో సమానం. లీదియాకి సీటొచ్చిందనగానే లంబాలైన్‌లో ఉండే మేనమామ ప్రేమయ్య, "సీటొచ్చిందా? పాపం, దాని కాళ్ళు జాగ్రత్తే!" అన్నాడు.

విమానమెక్కేచోట చేతిసంచిలో రంపం దొరికింది. అధికారి అడిగాడు.

"ఇదెందుకమ్మా?"

"చదువుకోడానికి సార్."

"ఏం చదువు?"

"డిసెబిలిటీ మేనేజ్‌మెంట్."

ఆయన రంపం వంకా ఆమె వంకా చూసి, "వికలాంగుల్ని బాగుచెయ్యడానికా, తయారుచెయ్యడానికా?" అన్నాడు.

ఆ రంపం అక్కడే ఉండిపోయింది. కెనడాలో దిగి, మంచుకోటు కన్నా ముందు ఇంకో రంపం కొంది. అక్కడి కుర్చీలు ఆరడుగుల వాళ్ళకి చేసినవి. తన గదిలో కుర్చీ కాళ్ళు కోసుకుని, ఆ ముక్కల్ని ఇంటావిడ సోఫా కింద పెట్టింది. తుంటి నొప్పి ముసలావిడ అది చూసి, పోలీసుల్ని పిలుద్దామని సోఫాలోంచి చివాల్న లేచి ఫోను దగ్గరికి నడిచింది. రిసీవరు ఎత్తాక గుర్తొచ్చింది, ఎవరూ లేవదీయకుండానే లేచానని. ఫోను పెట్టేసి లీదియాకి టీ కాచింది.

క్లాసులో ప్రొఫెసరు, "మీ మీ దేశాల్లో గాయపడ్డవాడు పనికి తిరిగి రావడానికి పెద్ద అడ్డంకి ఏది?" అని అడిగాడు. ఒకరు చట్టం అన్నారు, ఒకరు ఇన్సూరెన్సు అన్నారు. లీదియా "పరామర్శ" అంది. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కావాలంటే ఆ ఏడాది లంబాలైన్‌లో ప్రేమయ్య ఇంటికి రావాలి.

ప్రేమయ్య గవరయ్యగారి లాంచిలో సరంగు. అంటే చక్రం పట్టి లాంచి నడిపేవాడు. లాంచికీ జెట్టీకీ మధ్య పడి మోకాలు నలిగింది. ఆపరేషను బాగానే జరిగింది, డాక్టరు నడవమన్నాడు. కానీ మన మర్యాద ఒకటుంది కదా. మంచాన పడ్డవాణ్ణి చూడకపోతే తప్పు, చూసి నాలుగు మాటలు చెప్పకపోతే ఇంకా తప్పు. వసారాలో పొడుగాటి పడాక్ బెంచీ మీద తెల్లారేసరికి నలుగురు, సందేళకి ఎనిమిదిమంది.

"మా ఆడపడుచు మొగుడికీ ఇలాగే మోకాలే తమ్ముడూ," అంటూ పక్కింటి కాసులమ్మ మొదలుపెట్టేది. "ఆడు మళ్ళీ లేస్తే ఒట్టు."

"కాసులమ్మక్కా, అలా అనకు," అనేవాడు సంఘపెద్ద దేవప్రసాద్. "లేచాడు. లేచి, పడి, పోయాడు. ప్రార్థన చేద్దాం."

"నువ్వు ఆరామ్‌సే పడుకో భయ్యా. చక్రం గిక్రం మర్చిపో. ఏటుందా లాంచిలో!" అనేవాడు బెంచీ చివర కూర్చున్న ఇంకొకడు.

ఇంత ప్రేమ ఎవరు కాదనగలరు? ప్రేమయ్య పడుకున్నాడు. భార్య పుష్పవతి వచ్చినవాళ్ళందరికీ టీలు పెట్టి పెట్టి తనూ పడుకునేలా ఉంది. గవరయ్యగారు కబురు పంపారు: టూరిస్టుల సీజను మొదలయ్యేలోగా వస్తే చక్రం ప్రేమయ్యదే, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను. ఆ కబురు విని ప్రేమయ్య గోడవైపు తిరిగి, "నా పని ఖతమ్," అన్నాడు. బెంచీ మీదివాళ్ళంతా "పాపం" అన్నారు.

సరిగ్గా అప్పుడే చదువులో భాగంగా ఒక కేసు చూసి రాయమంటే, లీదియా రంపంతో సహా దిగింది. వస్తూనే మామయ్య పాదాలు చూసింది. తర్వాత బెంచీ వంక చూసింది.

"మామయ్యా, నీ కుర్చీ పొట్టిదయింది. ఎత్తు చేస్తే నీకు నువ్వే లేస్తావు. ముక్కలు కావాలి."

"ఎక్కణ్ణించి తెస్తావే?"

"ఈ బెంచీ ఉంది కదా."

బెంచీ కాళ్ళు కోసి, ఆ ముక్కలు ప్రేమయ్య కుర్చీ కింద బిగించింది. కుర్చీ అతికినట్టు కుదిరింది. బెంచీ మాత్రం ముందుకి వాలిపోయింది. వెనక కాళ్ళు వదిలేసి, ముందు కాళ్ళే కోసింది మహాతల్లి!

సాయంత్రం దేవప్రసాద్ కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. అబ్రాహాము దగ్గర మొదలుపెట్టడం ఆయన అలవాటు. ఇస్సాకు దగ్గరికి వచ్చేసరికి బెంచీ అంచుకి వచ్చాడు, యాకోబు దగ్గర కింద పరిచిన చాప మీద ఉన్నాడు. అక్కడే "ఆమెన్" అన్నాడు. కాసులమ్మ ఆడపడుచు మొగుడి మోకాలి కథ ఎత్తుకుంది కానీ, జారి జారి, కథలో ఆయన ఆసుపత్రిలో చేరకముందే ఆమె గేటు దగ్గరికి చేరింది. మరీ గేటు దాకా కాదులెండి, గుమ్మం దాకా.

"కెనడా ఎల్లి రంపం పట్టడం మరిచిపోనావేటే?" అని అరిచింది కాసులమ్మ.

"సారీ పిన్నీ, చెయ్యి జారింది. రేపు సరిచేస్తాను."

మర్నాడు సరిచేసింది. ఇంకాస్త వాలింది. లంబాలైన్ నుంచి ఆస్టినాబాద్ దాకా నవ్వుకోనివాళ్ళు లేరు. "సముద్రాలు దాటి చదివింది, చెక్క తిన్నగా కొయ్యలేదు!" అని. లీదియా కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. నవ్వులు నవ్వులే కానీ, పరామర్శలు నిలబడి చేసేంత ఓపిక ఎవరికుంది? "ఎలా ఉంది? బాగుందా? అచ్ఛా," అనేసి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు.

వసారా ఖాళీ అయింది. నువ్వు లేవలేవని చెప్పేవాళ్ళు లేకపోయేసరికి ప్రేమయ్యకి తోచక, లేచాడు. కుర్చీ ఎత్తుగా ఉంది కాబట్టి సులువుగానే లేచాడు. గేటు దాకా నడిచాడు. మర్నాడు రోడ్డు దాకా. ఆ పై వారం పుష్పవతితో, "గవరయ్య చక్రం ఎవడికిచ్చాడో కనుక్కో," అన్నాడు. ఆమె టీ గ్లాసు కింద పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

లీదియా మామయ్యని తీసుకుని జెట్టీకి వెళ్ళింది, భుజాన ఒక ఎత్తు స్టూలు. గవరయ్యగారు ఒప్పుకోలేదు.

"సరంగు నిలబడాలమ్మా. మా తాత నిలబడే నడిపాడు."

"మీ తాతకి ఎవరైనా స్టూలిచ్చారా బాబాయ్?"

"లేదు."

"మరింకేటి! ఇస్తే కూర్చునేవాడే."

"కూర్చుంటే ప్యాసింజర్లు ఏటనుకుంటారు?"

"సరంగు కూర్చున్నాడంటే సముద్రం శాంతంగా ఉందనుకుంటారు. పొద్దున ఒక్క ట్రిప్పు ఇవ్వండి, తాళ్ళు వేరేవాళ్ళు కడతారు. మోకాలు ఒప్పుకుంటే రెండోది. బస్."

గవరయ్యగారు తల గోక్కుని ఒక్క ట్రిప్పు ఇచ్చారు. ప్రేమయ్య స్టూలెక్కి చక్రం పట్టాడు. రేవు దాటేటప్పుడు అక్కర్లేకపోయినా హారన్ కొట్టాడు. సీజను మొదలయ్యేసరికి అన్ని ట్రిప్పులూ ఆయనవే.

లీదియా తిరుగు ప్రయాణం ముందు ఆదివారం ప్రేమయ్య, వెళ్ళేలోగా మేనకోడలి పరువు కాపాడదామని, బెంచీని బాగుచేయించడానికి తిరగేశాడు. కోత మీద వేలితో తడిమి చూశాడు. చెయ్యి జారితే కోత వంకరపోవాలి. ఇక్కడ పెన్సిలు గీత మీదుగా నూలు పట్టినట్టుంది. బెంచీ కదలకుండా కాళ్ళ అడుగులు ఏటవాలుగా చెక్కి, ఎవరికీ గీసుకోకుండా గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఉంది. జారినవాళ్ళకి దెబ్బ తగలకుండా ముందు పరిచిన కొబ్బరి పీచు చాప కింద ఇంకో చాప కూడా ఉంది.

"పుష్పా, ఇటు రా! ఇది చెయ్యి జారడం కాదే. కావాలనే కోసింది! పరామర్శకి రావద్దంటే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని, ఊరంతా నవ్వితే నవ్వనీ అని ఊరుకుంది!"

లీదియా టీ గ్లాసుతో వచ్చి, బెంచీని తిన్నగా నిలబెట్టి, దాని మీద కూర్చుంది.

"ఏం కథలు మామయ్యా! చెయ్యి జారింది, అంతే."

"రెండుసార్లా?"

"నేను కొయ్యనే లేదు. చెదలు కొట్టుంటాయి."

"పడాక్‌కి చెదలేటే!"

"అయినా నువ్వు లేచింది డాక్టరు మందుకి. గవరయ్య బాబాయ్ ఒప్పుకున్నది జాలిపడి. నేనసలు సెలవులకి నిద్రపోదామని వచ్చాను. ఇంతకీ నువ్వనేది ఏ బెంచీ?" అంది లీదియా, గ్లాసు ఒలక్కుండా పట్టుకుని మెల్లగా చాప మీదికి జారుతూ.