మామయ్య వేసిన కేక

మా మేనమామ పోయారని అమ్మ చెప్పేసరికి నేను తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక మొసలికి పళ్ళు దిద్దుతున్నాను. పొద్దున్నే వలలు చూసుకుని ఒడ్డుకొచ్చి, గుండె పట్టేసిందంటూ కూర్చుండిపోయారట. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఆటోలోనే ప్రాణం పోయింది. అమ్మ ఏడుస్తూ చెబుతోంది. నేను చేస్తున్న పని సేవ్ చేసి మరీ లేచాను. ఈ సంగతి దాచుకోకూడదనే ఇది రాస్తున్నాను.

నాకు కంప్యూటర్ ఆటలు తయారుచేయడమంటే పిచ్చి. చిన్నప్పుడు పులి-మేకలో ఓడిపోతే గీతలు చెరిపి కొత్త ఆట పెట్టేదాన్నట. బీటెక్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోకుండా నోటు పుస్తకాల నిండా నీళ్ళూ దారులూ గీసుకుంటూ కూర్చుంటే చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. మామయ్య ఒక్కరే, "నియమం పెట్టినోడిదేనమ్మా ఆట. ఏం నియమం పెడతావో చూసుకో" అన్నారు.

ఆయనది కొల్లేటి ఒడ్డున ఊరు. తాటి దోనె, వెదురు గెడ, నాలుగు వలలు, అంతే ఆస్తి. నా మొదటి ఆట ఆ దోనె మీదే కట్టాను. తొలి నమూనా చూసి ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. దోనెకి నేను తెడ్లు పెట్టాను మరి.

"మోకాల్లోతు నీళ్ళలో తెడ్డేంటి కోడలుపిల్లా, గెడ కదా వెయ్యాలి" అని ఆ పూటే నన్ను దోనె ఎక్కించుకుని తీసుకెళ్ళారు.

మనిషెత్తు పెరిగిన కిక్కిస గడ్డి మధ్య దారులు ఒక్క దోనె పట్టేంత సన్నంగా ఉంటాయి. మలుపు అవతల ఎవరున్నారో కనపడదు. అందుకని మలుపు దగ్గర గెడతో దోనె అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, "దోనొస్తందండోయ్" అని కేకేసి ఆగుతారు. అవతలి నుంచి బదులు కేక వస్తే, ఎవరి దోనె ఖాళీగా ఉంటే వాళ్ళు వెనక్కి వెళ్ళి దారిస్తారు.

"బరువున్నోడు వెనక్కెళ్ళలేడమ్మా. ఖాళీగా ఉన్నోడికి ఏం పోయింది?" అనేవారు. ఆయన దోనె నిండుగా ఉన్నప్పుడు కూడా వెనక్కి వెళ్ళడం నేను చూశాను. అదేమిటని అడిగితే, "కుర్రోడు, కొత్త. కంగారుపడతన్నాడు" అన్నారు. ఆ పూట ఇంటికి చేరేసరికి చేపలు సగం వాడిపోయి అత్త చేత చీవాట్లు తిన్నారు.

నా ఆటకి అదే నియమమైంది. దారిచ్చినవాడికే ముందు దారి తెరుచుకుంటుంది. మలుపు దగ్గర వినిపించే కేక మామయ్యది. రికార్డు చేసే రోజున ఆయన తల దువ్వుకుని ఉతికిన చొక్కా వేసుకొచ్చారు. గొంతుకి దువ్వెనెందుకు మామయ్యా అంటే, "నీ ఆటలోకెళ్తన్నాను కదమ్మా" అన్నారు. గాలి హోరు పడిందని, బాతులు అరిచాయని పదిసార్లు అడిగాను. పదిసార్లూ కేకేశారు.

తర్వాత ఒక కంపెనీవారు నా ఆట చూసి, బొమ్మలు బాగున్నాయి గానీ వెనక్కి వెళ్ళే ఆట ఎవరాడతారని రాశారు. వేగం కావాలన్నారు, భయం కావాలన్నారు. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. వారం తిరక్కుండా దోనె తీసేసి మోటారు బోటు పెట్టాను, నీళ్ళలో మొసళ్ళను వదిలాను. కంప్యూటర్‌లో చోటు చాలక పాత రికార్డింగులన్నీ చెరిపేశాను. బలవంతం చేసినవాళ్ళు ఎవరూ లేరు.

ఒకరోజు కొర్రమీనులు పట్టుకుని మామయ్య మా ఇంటికొచ్చారు. కొత్త ఆట చూపించాను. కాసేపు చూశారు.

"కొల్లేట్లో మొసలెక్కడిదమ్మా?"

"జనానికి భయముండాలి కదా మామయ్యా."

"మరి నా కేకేదమ్మా?"

"మోటారు మోతలో వినపడదండీ. తీసేశాను."

"అవున్లే. మోటారోడు కేకెయ్యడుగా" అన్నారు. అమ్మ భోజనానికి పిలిచింది, లేచి వెళ్ళారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. రెండు నెలలు తిరక్కుండానే ఆయన పోయారు.

పెద్దకర్మకి ముందురోజు, నేను మార్చి పంపిన ఆటకి కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఇలాంటి ఆటలు తమకు చాలా వచ్చాయట. నిజమే, మొసళ్ళు అందరి దగ్గరా ఉన్నాయి.

పెద్దకర్మకి వచ్చినవాళ్ళందరూ ఆయన్ని పొగిడారు. ముసలితనంలో చిన్నపిల్లతో ఈ ఆటలేమిటని ఆయన్ని ఎగతాళి చేసినవాళ్ళే విస్తరి ముందు కూర్చుని, అంత మంచి మనిషి ఉండడన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ వాళ్ళు ఎగతాళి మాత్రమే చేశారు. నేను చేసిన పని వాళ్ళెవరూ చేయలేదు.

భోజనాలయ్యాక అత్త నన్ను లోపలికి పిలిచింది.

"మీ మామయ్య కేక నీ ఆటలో ఉందంట కదమ్మా. ఊరందరికీ చెప్పుకున్నారు. ఒక్కసారి వినిపించమ్మా."

తీసేశానన్న సంగతి ఆయన ఇంట్లో చెప్పనే లేదు. నేనూ చెప్పలేకపోయాను. ఫోన్‌లో ఆట తెరిచి ఆమె చేతికిచ్చాను. అత్త దాన్ని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. మోటారు మోత మొదలైంది. వసారాలో మాట్లాడుకుంటున్నవాళ్ళని ఉండమన్నట్టు రెండో చెయ్యి ఎత్తింది. చాలాసేపు వింది.

"ఇందులో లేదు అత్తా" అనబోయాను.

"ఉండమ్మా. ముందు ఈ మోటారుని పోనీ" అంది కళ్ళు తెరవకుండానే. "మీ మామయ్య పక్కకి తప్పుకునుంటారు."

ఆ ఫోన్ అలాగే చెవికి ఆనించుకుని కూర్చుంది. మోటారు మోత ఆగలేదు.